రెండు కొంగుల చీర

పాలు మళ్లీ పొంగిపోయాయి. హనుమమ్మ పొయ్యి దగ్గరికి పరుగెత్తేలోపే మగ్గం గుంటలోంచి మొగుడు పుల్లన్న గొంతు లేచింది. "మతి యాడ పెట్టుకున్నావే? మీ అమ్మ మాదిరే అయితాండావు!"

ఆ మాటే ఆమె ప్రాణం తీసేది. అమ్మ ఆఖరి రోజుల్లో కన్నకూతుర్ని చూసి "ఎవురమ్మా నువ్వు?" అని అడిగింది, నోట్లో పెట్టిన ముద్ద మింగడం కూడా మర్చిపోయింది. తనకూ అదే గతా? అత్త అయితే తేల్చేసింది. "డాక్టరు ఔనంటే డోన్‌లో వాళ్లన్న కాడ దించి రా నాయనా. ఆమె మగ్గం నీ కోడలికిస్తాం." తెల్లారకముందే నీళ్లు పట్టి, ఇంటిల్లిపాదికీ వండి, మొగుడికి నూలు కండెలు చుట్టి, ఆ సందులోనే తన మగ్గమెక్కి చీర నేసే మనిషిని, పాలు పొంగించిందని పుట్టింటికి తోలేస్తారట! ఆ పాలు చూడ్డానికి ఇంట్లో ఇంకెవరికీ కళ్లు లేవు పాపం.

ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు డాక్టరు దగ్గరికి బస్సులో పోతుంటే పోయిన నెల సంగతి గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది. ఎప్పుడూ కొంగు నేసే వేళకు తనే రంగు కండె చేతికిచ్చి "ఇప్పుడు కొంగప్పా" అని చెప్పేది. ఆ రోజు జ్వరంతో పడుకుంది. పుల్లన్న ఒకే చీరకు ఆ కొసా ఈ కొసా రెండు కొంగులు నేసి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగిన సాలెబిడ్డ చేసే పనేనా అది? "నువ్వు కండెలు కలిపేసినావు" అని తిట్టాడు. ఆమె కూడా ఔనేమో అనుకుంది, సిగ్గులేకుండా.

డాక్టరమ్మ హనుమమ్మనే అడిగింది గానీ జవాబులన్నీ పుల్లన్నే చెప్పాడు. "శానా మతిమరుపు మేడం. పొద్దున పాలన్నీ పొయ్యి పాలే."

"ఆమెను చెప్పనీ. చిన్నప్పటి నుంచీ ఇంతేనామ్మా?"

"అంతే మేడం. బళ్లో పలక యాడ పెట్టిందీ తెలిసేది కాదు. పాలు పెట్టి కండెలకు పోతా, కండెలిడిసి బట్టలకు పోతా. మాడు వాసనొస్తే అయ్యో పాలు అని గుర్తొస్తాది."

బొమ్మలు గీయించి, మాటలు అప్పజెప్పించుకుని డాక్టరమ్మ నవ్వింది. "ఇది మీ అమ్మ జబ్బులా లేదు. ధ్యాస నిలవకపోవడం, ఏడీహెచ్‌డీ అంటారు. ఇంకో పరీక్ష చేసి ఖాయం చేద్దాం. మీ అమ్మకొచ్చిన మతి చెడే జబ్బు, డిమెన్షియా అయితే గుర్తు చేసినా గుర్తురాదు, చేతికొచ్చిన పనే తప్పిపోతుంది, రాను రాను ముదురుతుంది. అది ముందుముందు రాకుండా బీపీ చూపించుకో, రోజూ నడువు, నలుగురితో మాట్లాడు, కంటినిండా నిద్రపో."

నిద్ర! ఆ మందు ఏ అంగట్లో దొరుకుతుందో మాత్రం ఆ మహాతల్లి చెప్పలేదు. అయినా హనుమమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తాను అమ్మలా కావడం లేదు, అంతే చాలు.

అప్పుడు పుల్లన్న ముందుకు వంగాడు. "మేడం, మీకు చెప్పల్యా, ఈమెకు శానా మతిమరుపు. పొద్దున పాలన్నీ పొయ్యి పాలే."

మళ్లీ పరువు తీస్తున్నాడనుకుంది హనుమమ్మ. డాక్టరమ్మ రాయడం ఆపి అతని వైపే చూస్తోంది.

"పుల్లన్నా, మనవరాలుందన్నారుగా, ఆ పిల్ల పేరేంటి?"

పుల్లన్న భార్య మొహం వైపు తిరిగాడు. పెళ్లిళ్లలో చుట్టాల పేర్లకూ, మాత్రల వేళకూ, కొంగుకూ అతను ఇలాగే తిరిగేవాడని, ప్రతిసారీ తానే అందించిందని ఆమెకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. పేరు నాలుక చివరే ఉంది. చెబితే ఈ పూటకు అతను గట్టెక్కుతాడు, తప్పులన్నీ మళ్లీ తన నెత్తినే పడతాయి, జబ్బు లోపల్లోపల ముదురుతుంది. ఆమెకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. పెదవి బిగించింది.

పెళ్లయిన నాటి నుంచీ నోరు మూసుకోమన్న మనిషి, "చెప్పవేమే!" అని అరిచాడు.