మంచు సరస్సు మన్ను, దాలమ్మ వంటగోడ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా తణుకులో ఈ సంగతి అందరికీ తెలుసు. ఖరగ్‌పూర్‌లో మాత్రం మొట్టమొదట తెలిసింది దాలమ్మకి. 1969 ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆవిడ నా నాలుగడుగుల బురదని తడిచేత్తో శుభ్రంగా అలికేసింది.

అది మామూలు బురద కాదు. ఉత్తరాన, కెనడా చివర, ఏడాదిలో ఎనిమిది నెలలు గడ్డకట్టి ఉండే ఒక మహా సరస్సు అడుగు నుంచి తీసింది. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనపడదట. అడుగున గొట్టం దింపి, మన్ను చెదరకుండా పైకి లాగి, రెండు చివర్లా మైనంతో మూసి, ఓడలో కలకత్తాకి, అక్కణ్ణించి రైల్లో మా ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. నేనప్పుడు అక్కడ భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. గొట్టాన్ని నిలువునా చీల్చి, లోపలి మన్నుని రేకు పళ్ళెంలో పడుకోబెట్టాను. అందులో ఒక తెల్ల చార, ఒక నల్ల చార, మళ్ళీ తెల్ల చార, మళ్ళీ నల్ల చార. వాటిని లెక్కపెట్టి కొలవడమే నా పని. నా డిగ్రీ అంతా ఆ పళ్ళెంలోనే ఉంది. కాస్త ఆరితే చారలు తేటగా కనిపిస్తాయని ఆరబెట్టి, భోజనానికి వెళ్ళొచ్చేసరికి చారలు లేవు. బల్ల పక్కన చెయ్యి కడుక్కుంటూ దాలమ్మ నిలబడి ఉంది.

దాలమ్మ మా ప్రయోగశాల ఊడ్చి, నీళ్ళు పట్టి, గాజుసామాను కడిగే మనిషి. యాభై దాటి ఉంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయిన కొత్తలో మొగుడితో వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"ఏం చేశావే ఇది?" అని అరిచాను. తల్లి వయసు మనిషిని 'చేశావే' అనకూడదన్న జ్ఞానం నాకు పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఎప్పుడూ అంతే.

"బీటలిచ్చీసింది బాబూ," అందావిడ. "అలా ఒగ్గేస్తే రాలిపోతాదనీసి ఓపాలి అలికినాను. సూడు, ఎంత నున్నగా ఒచ్చినాదో."

నేను ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇప్పుడు రాయలేను, సిగ్గుగా ఉంది. దాలమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని గోడవారగా నిలబడింది. నేను బ్లేడు తీసుకుని, చారల వెంబడే అడ్డంగా పైపొరని గీకాను. అగ్గిపుల్ల మందం గీకేసరికి, కింద చారలన్నీ పదిలంగా ఉన్నాయి. ఒక్కటీ చెదరలేదు. అయినదానికీ కానిదానికీ అరిచిన నా గొంతు మాత్రం ఆ గదిలోంచి పోలేదు.

క్షమించమనడం చేతకాక పాఠం చెప్పాను. మగవాళ్ళలో చాలామందిమి అంతే.

గాజు కూజాలో నీళ్ళు పోసి, గుప్పెడు మన్ను వేసి, గిలక్కొట్టి బల్ల మీద పెట్టాను. "చూడు దాలమ్మా. వేసవిలో అక్కడి కొండల మీద మంచు కరుగుతుంది. ఏరులన్నీ మజ్జిగలాంటి నీళ్ళు మోసుకొచ్చి సరస్సులో పోస్తాయి. బరువు మన్ను వెంటనే దిగుతుంది. అదే తెల్ల చార. సన్నది దిగదు. నీళ్ళు కదులుతున్నంతకాలం తేలుతూనే ఉంటుంది. చలికాలం వచ్చి పైన మంచు మూత పడితే గాలి తగలదు, ఏరు రాదు, అల లేదు. అప్పుడు దిగుతుంది. ఒక్కో నలుసు అడుగు చేరడానికి నెలలు పడుతుంది. అదే నల్ల చార. రెండూ కలిస్తే ఒక ఏడాది."

దాలమ్మ కూజా ముందు కూచుండిపోయింది. బయట వాన ఎర్రమన్ను మీద ఎర్రగా పారుతోంది. దూరంగా లోకో షెడ్డులో ఇంజను ఒకటి ఆవిరి వదిలింది. కూజాలో నీళ్ళు పైనుంచి కొద్దికొద్దిగా తేటపడుతున్నాయి.

"నీళ్ళు నిద్దరోతే గాని మన్ను దిగదన్నమాట," అంది. తర్వాత, "ఆ మంచు కింద అంత సీకటిలో, ఏడాదికోపాలి ఆ సెరువు అడుగు ఎవులు అలుకుతున్నారు బాబూ?" అని అడిగింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆవిడ వచ్చి పళ్ళెం పక్కన కూచునేది. నేను భూతద్దం పెట్టి చారలు లెక్కపెడుతుంటే నా కళ్ళ ముందు ఖరగ్‌పూర్ ఉండేది కాదు. నెత్తి మీద తెల్లటి మంచు కప్పు, దాని కింద ఆకుపచ్చని వెలుతురు, ఇంకా కిందకి వెలుతురు కూడా లేని నీళ్ళు. ఆ నీళ్ళలో పిండికన్నా సన్నని మన్ను ఏ తొందరా లేకుండా దిగుతూ ఉండేది. నేనూ దానితో పాటు దిగేవాణ్ణి. నాకు కోపం రాని గంటలు రోజులో అవే.

సెప్టెంబరులో ఒకరోజు దాలమ్మ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మలంచా రోడ్డు వెనకాల వాళ్ళ ఇళ్ళున్న రైల్వే స్థలం ఖాళీ చేయిస్తున్నారు. 1951 జనవరికి ముందు నుంచి ఉంటున్నట్టు ఆధారం చూపిస్తే ఇల్లు వాళ్ళకే ఉంచుతారు. లేకపోతే దసరా అయ్యాక సామాను తీసెయ్యాలి.

"నా మొగుడు నూకయ్య షెడ్డులో బూడిదెత్తే కూలీ. ఆడి పేరు ఏ పుస్తకంలో రాసినారు? రేషను కారడు వరదలో పోనాది," అంది. "అంత దూరం సెరువు వయసు సెప్పినావు గదా. నా గోడ వయసు సెప్పు బాబూ."

ఆ గోడ సంగతి అప్పుడు చెప్పింది. నూకయ్య తన చేతులతో పెట్టిన వంటగోడ. ఒక కొత్త అమావాస్యనాడు, కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించకముందే దానికి సుద్దమన్ను పూశారు. అప్పటినుంచి ఏటా ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకి, నూకాలమ్మకి నైవేద్యం వండకముందు, ఒక పూత. గీకడం ఉండదు, పాతదాని మీదే కొత్తది. ఏడాది పొడుగునా పొయ్యి మసి పడుతుంది, మళ్ళీ పూత పడుతుంది. ఒక తెల్ల చార, ఒక నల్ల చార. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆదివారం పొద్దున భూతద్దం, చాకు తీసుకుని వెళ్ళాను. ఒకటే గది, ఒక మూల వంట. పొయ్యి పైన గోడలో వేలెడంత గంటు కోశాను. లోపల మా సరస్సే ఉంది, ఇంకా ముద్దుగా. అన్నిటికంటే లోపలిది మొదటి ఏడాది. పైది మొన్న మార్చిలో వేసింది. ఇరవై తెల్ల చారలుంటే మొదటిది 1950 మార్చిది, ఇల్లు నిలబడుతుంది. ఒకటి తగ్గితే 1951 మార్చి, గడువుకి రెండు నెలలు ఆలస్యం.

మూడుసార్లు లెక్కపెట్టాను. పందొమ్మిది.

"ఇరవై కొత్త అమాసలు బాబూ," అంది దాలమ్మ. "సేతేళ్ళు మడిసి లెక్క ఎట్టుకున్నాను. ఒక ఏడు మాత్రం మరి..."

"దాలమ్మా," అన్నాను. నాకు అప్పటికే చిరాకు మొదలైంది. లెక్క నా వృత్తి. "గోడ అబద్ధమాడదు. మనుషులు ఆడతారు."

ఆవిడ గోడ కేసి చూసి, "సదువుకున్నోడివి. నువ్వు సెప్పిందే రాయి," అంది. నేను కాగితం మీద పందొమ్మిది పూతలు అని రాసి సంతకం చేశాను. బయటికి వస్తుంటే వెనకాల గిన్నెలు దించుతున్న చప్పుడు వినిపించింది. మనసులో బాధగానే ఉంది. కానీ నిజాయితీగా లెక్కపెట్టానన్న గర్వం కూడా ఉంది, అదే నన్ను నిలబెట్టి నడిపించింది.

స్థలం తాలూకు ఇనస్పెక్టరు బుధవారం వస్తాడు. మంగళవారం మధ్యాహ్నం నేను పళ్ళెం ముందు కూచున్నాను. దాలమ్మ ఆ రోజు పనికి రాలేదు. రెండో అడుగు దాటాక ఒక చోట నల్ల చార మిగతావాటికి రెట్టింపు లావు ఉంది. మన్ను పంపిన ప్రొఫెసరు ఉత్తరంలో ఆ చోటు గురించి ఒక ముక్క రాశాడు, తీసి మళ్ళీ చదివాను. ఇక్కడ జాగ్రత్తగా లెక్కపెట్టు, ఆ ఏడు సరస్సుకి వేసవి రాలేదు, మంచు కరగలేదు, ఏరు మన్ను తేలేదు, రెండు చలికాలాలు ఒకదాని మీద ఒకటి దిగి ఒకే చారగా కనిపిస్తాయి అని.

చదివి మళ్ళీ కింద పెట్టబోయాను. చెయ్యి ఆగిపోయింది. దాలమ్మ గోడలో ఎనిమిదో పూతకీ తొమ్మిదో పూతకీ మధ్య నల్ల చార లావుగా ఉంది. ఆదివారం చూశాను. తడి బొగ్గులు మండించి ఉంటుందిలే అనుకుని దాటేశాను. 'ఒక ఏడు మాత్రం మరి' అని ఆవిడ అనబోయిన మాట అప్పుడు వినిపించింది.

సైకిలెక్కాను. రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి బొగ్గు నింపుకుని వెళ్తోంది, ఎన్ని పెట్టెలో, తరగవు. నల్లపెట్టె తర్వాత నల్లపెట్టె. కిందికి దిగే మన్నులాగే దానికీ ఏ తొందరా లేదు. నేను మాత్రం చెమటతో తడిసి, నా నోటిని నేనే తిట్టుకుంటూ నిలబడ్డాను.

దాలమ్మ గిన్నెలన్నీ ఒక గోనెలో కట్టేసి, గడప మీద కూచుని ఉంది.

"ఎనిమిదో పూత తర్వాత ఏమైంది?" అన్నాను ఆయాసపడుతూ.

ఆవిడ నా ముఖం చూసింది. "ఆ ఏడు సలికాలంలో నూకయ్య పోనాడు. జరమొచ్చి నాలుగు రోజులే. ఏడాది సూతకం కదా, ఆ ఇంటికి పూత ఎయ్యకూడదు. కొత్త అమాస ఒచ్చినాది, ఎల్లిపోనాది. గోడ అలాగే నల్లగా ఉండిపోనాది."

"మరి ఆదివారం చెప్పలేదేం?"

"సెప్పబోనాను. నీకు కోపమొచ్చినాది." కోపం లేకుండా అంది ఆ మాట. "నువ్వు ఏసిన పూతలు అడిగినావు బాబూ. ఎయ్యని పూత అడగలేదు."

నేను గడప మీద ఆవిడ పక్కన కూలబడ్డాను. "తప్పు నాదమ్మా. లెక్కా తప్పే, మాటా తప్పే," అన్నాను. నా జీవితంలో ఎవరినైనా క్షమించమని అడగడం అదే మొదటిసారి. మాటలు అనుకున్నంత బరువు లేవు. పాత కాగితం చింపేసి కొత్తది రాశాను.

బుధవారం పొద్దున ఇనస్పెక్టరు ఆర్థర్ వచ్చాడు. ఆంగ్లో ఇండియన్. ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది. నా కాగితం చదివి, గంటులోకి భూతద్దం పెట్టి చూశాడు. నేను కెనడా, మంచు, ఏరు, చలికాలం అన్నీ ఏకరువు పెట్టాను.

"ప్రొఫెసర్ సాబ్, ఏ తో మసి హై," అన్నాడు విసుగ్గా. "లావుగా ఉంటే రెండేళ్ళు అని ఎలా చెప్తాం?"

నాకు కోపం ముక్కు మీదికి వచ్చేసింది. ఈసారి నేను నోరు తెరవకముందే దాలమ్మ లేచి గోడ దగ్గరకు వచ్చింది. చిటికెన వేలు ఆ నల్ల చార దగ్గర పెట్టింది, తగలకుండా.

"దొరా, ఈ లోపలి సగం మసి మా ఇద్దరికీ వండినప్పటిది. ఆడు తిన్న ఆకరి కూడు పొగ ఇందులోనే ఉన్నాది. పై సగం నాకొక్కదానికీ వండుకున్నది. మద్దిన తెలుపు లేదు. అంతే దొరా, నాకు తెలిసినది."

ఆర్థర్ భూతద్దం దించలేదు. మళ్ళీ చూశాడు, ఈసారి చాలాసేపు. రోడ్డు మీద బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, జేబులోంచి కలం తీశాడు. "ఠీక్ హై. ఇరవై," అన్నాడు. ఫారం మీద పందొమ్మిది వందల యాభై అని రాసి, దాలమ్మ బొటనవేలి ముద్ర తీసుకున్నాడు.

ఆయన వెళ్ళాక దాలమ్మ గోనె విప్పి గిన్నెలు ఒక్కొక్కటే పొయ్యి దగ్గర సర్దింది. తర్వాత పాత మూకుట్లో సుద్దమన్ను నానబెట్టింది. నీళ్ళలో తెల్లటి మన్ను మెల్లగా అడుగుకి దిగుతుంటే చూస్తూ కూచున్నాం.

ఆవిడ గుప్పెట్లో ముద్ద తీసుకుని నేను కోసిన గంటు దగ్గరకు వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి నా కేసి చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవి చివర నవ్వు ఉంది.

"ఇప్పుడు అలికీమంటావా బాబూ? తిడతావేటి?"

"అలుకమ్మా," అన్నాను.

ఆ నల్ల చార మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తర్వాత నున్నగా అలికేసింది.