కన్ను లేని మూడో చిలుక

ఊరికే వచ్చేదంటే ఆంజినమ్మకు భయం. ఊరికే ఇచ్చిన మజ్జిగ తాగితే జలుబు చేస్తుందని, ఊరికే ఎక్కించుకున్న ఆటో తిరగబడుతుందని ఆమె నమ్మకం. అందుకే, కూతురు లహరి చీరల అంచులకు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికిందని తెలిసిన రోజు నుంచి ఆమెకు అన్నం సహించలేదు.

"ఊరికే అంటే? ఎవురిచ్చినారు?"

"ఒకరని కాదు మా. లోకంలో శానామంది కలిసి రాసినారు. ఎవురైనా వాడుకోవచ్చు. లోపల ఎట్ల రాసినారో కూడా అందరూ చూడొచ్చు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండానే లోకమంతటికీ పంచేవాడెవడే? వానికి పెండ్లాం బిడ్డలు లేరా?"

మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ఆమె మొగుడు బయ్యన్న నవ్వాడు. "నువ్వు వండిన కూడు ఇరవై అయిదేండ్లుగా ఊరికే తింటాండా. నాకేమైంది?"

"ఊరికే తింటాండావా? ట్యాంకరు వచ్చినప్పుడు నీళ్ల బిందెలు మోసేది ఎవురు?"

"అట్లయితే ఊరికే కాదులే," అని బయ్యన్న మళ్లీ పలకపట్టె తొక్కాడు. మగ్గం పైన వేలాడుతున్న చిల్లుల అట్టలు ఒక్కొక్కటే దిగాయి. అట్టలో చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. బత్తలపల్లెలో ఆ ఇంట్లో పుట్టిన పువ్వులూ నెమళ్లూ అన్నీ ఆ చిల్లుల్లోంచి వచ్చినవే. ఒకప్పుడు ఆ బొమ్మలను గళ్ల కాగితం మీద గీసేవాళ్లు. ఇప్పుడు లహరి కంప్యూటర్లో గీస్తుంది. ధర్మవరంలో హనుమంతప్ప అంగట్లో మిషను ఆ బొమ్మ చూసి అట్టలకు చిల్లులు కొడుతుంది.

ఆంజినమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. పేపరు తప్పకుండా చదువుతుంది. అందులో చదివిన ప్రతి మోసమూ అప్పుడే ఎక్కడో బస్సెక్కి తమ ఇంటికి బయల్దేరిందనుకుంటుంది. ఆమెను పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. రెండేళ్ల కిందట ఒక కంప్యూటర్ అంగడివాడు, కొనాలంటే లక్షల్లో ఉండే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీ తీసి లహరి ల్యాప్‌టాప్‌లో వేసి ఇచ్చాడు. ఆరు నెలలు బాగానే నడిచింది. ఒక తెల్లారి చూస్తే తెర నిండా ఎర్ర అక్షరాలు. గీసినవన్నిటికీ తాళం పడిపోయింది. లహరి రెండు రోజులు ఏడ్చింది. పోలీసులు వస్తారేమోనని ఆంజినమ్మ నెల రోజులు వాకిలి వైపే చూసింది.

అప్పటివాటిలో వేరే పెన్‌డ్రైవ్‌లో ఉండి మిగిలింది ఒక్కటే. లహరి నేర్చుకునే రోజుల్లో మొట్టమొదట గీసిన చిలుకల అంచు. వరసగా ఆరు చిలుకలు, మూడోదానికి కన్ను పెట్టడం మరిచిపోయింది. బయ్యన్న చూసి, "గుడ్డి కన్నా మెల్ల మేలు, కనీసం మెల్లకన్నైనా పెట్టకపోతివే" అని నవ్వాడు. ఆ అంచు మగ్గమెక్కలేదు, బయటివాళ్లెవరూ చూడలేదు. కానీ బిడ్డ మొదట గీసిన బొమ్మ కదా, ఆంజినమ్మ ఆ పెన్‌డ్రైవ్‌కు ఎర్ర దారం కట్టి దాచుకుంది. ఊరికి పోయేటప్పుడు కూడా ఇంట్లో వదలదు. ఇంట్లో దొంగలు పడితే? చేతిరుమాల్లో మూటగట్టి రొంటిన దోపుకుంటుంది.

ఇప్పుడు లహరి గీస్తున్నది చీనీ పూత, బత్తాయి చెట్టుకు వచ్చేది. తెల్లని అయిదు రేకుల పువ్వులు, మధ్య మధ్య ముల్లు, చిన్న ఆకు. అట్లాంటి అంచు ఇంతవరకూ ఎవరూ వేయలేదు. ధర్మవరంలో పదహైదు మగ్గాలు నడిపే మహేశ్వరమ్మ దాన్ని వెలుగులోకి తీసుకుపోయి మరీ చూసింది. చివరికి ఒకటే మాట చెప్పింది.

"నా మగ్గాలన్నిటికీ ఇదే ఎక్కిస్తా. కానీ శ్రావణం లోపల ఈ పువ్వు ఇంకొకరి దగ్గర కనపడిందా, నాకొద్దు. మరమగ్గాలోళ్లు వారం రోజుల్లో నకలు గుద్దేస్తారు."

ఇంటికొచ్చాక లహరి తల్లితో, "ఇదే కడసారి మా," అంది. "ఇది కూడా పోతే పక్కింటి ఈశ్వరితో పాటు సోమందేపల్లె దిక్కు బట్టల ఫ్యాక్టరీకి పోతా. హాస్టలు ఉండాదంట."

ఆ మాట ఆంజినమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి లహరి గీయడానికి కూర్చుంటే చాలు, కూతురి ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేది. ఫోను దగ్గరుంటేనే కదా ల్యాప్‌టాప్‌కు నెట్టు అందేది!

అట్లాంటి ఆంజినమ్మకు జయచంద్ర కనపడ్డది హనుమంతప్ప అంగట్లో. ఆమె ఆ రోజు వేరే చీర మీద చిన్న చిన్న బుట్టాల పువ్వులకు అట్టలు కొట్టించడానికి పోయింది. లహరి మెయిల్లో పంపిస్తానంటే ఒప్పుకునేది కాదు. తానే బస్సెక్కి పోయి, అట్టలు కొట్టినంతసేపూ మిషను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, పెన్‌డ్రైవ్ మళ్లీ చేతిలో పడ్డాకే లేచేది. హనుమంతప్పకు అది అలవాటైపోయింది. "అక్క వచ్చిందంటే మా అంగట్లో కెమెరా పని లేదప్పా," అనేవాడు.

జయచంద్ర డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. లహరి వాడేది ఊరికే దొరికిందని విని అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు.

"ఓపెన్ సోర్సా అక్కా? తలుపులు తీసిపెట్టిన ఇల్లది. లోపల ఏముందో లోకమంతా చూస్తాది. పాప గీసిన అంచు చూడదా?"

ఆంజినమ్మ రొంటిన ఉన్న మూటను తడిమి చూసుకుంది. లహరి కూడా అదే మాట చెప్పింది కదా, అందరూ చూడొచ్చని!

"అది కాదక్కా, రేపు చెడిపోతే ఎవురికి చెప్పుకుంటారు? మాదానికి బిల్లుంటాది, నంబరుంటాది, నేనుంటా. కావాలంటే నా చొక్కా పట్టుకోవచ్చు."

ఆ మాట ఆమెకు బాగా పట్టింది. పోట్లాడాలన్నా ఎదురుగా ఒక మనిషి ఉండాల కదా. ఊరూ పేరూ లేనోళ్లు వేయిమంది రాసినదాని మీద ఎవరి గడప తొక్కి అరవాలి?

"ఏదైనా డిజైన్ ఇయ్యక్కా, తాళం ఎట్ల పడుతుందో చూపిస్తా," అన్నాడు.

ఆంజినమ్మ రుమాలు విప్పింది. ఎవరినీ నమ్మే మనిషి కాదు. బుట్టాల పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి మనసొప్పలేదు. ఎర్ర దారంది తీసిచ్చింది. గుడ్డి చిలుకను ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడు?

జయచంద్ర పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర మీద ఇంగ్లీషులో ఇంత పొడుగు కాగితం తెరుచుకుంది. వేలితో టకటకా కిందికి జరిపి అడుగున ఎక్కడో నొక్కాడు. చిలుకలు వచ్చాయి, మూలన చిన్న తాళం గుర్తు పడింది. "అయిపాయె. ఇంక మీరు తప్ప దీన్ని ఎవురూ తెరవలేరు."

ఇంటికొచ్చి ఆంజినమ్మ పది రోజులు పోరింది. లహరి వంట చేస్తుంటే పోరింది, బట్టలారేస్తుంటే పోరింది.

"నీ చీనీ పూతకు తాళం ఉండాల్నా వద్దా? ఆ అబ్బి వస్తానన్యాడు. ఒక తూరి చూపించుకో."

"సాఫ్ట్‌వేర్ అందరూ చూస్తారు మా, నా బొమ్మ కాదు. వంట ఎట్ల చేయాల్నో రాసి ఊరంతా పంచితే, మన చట్టిలో ఏం ఉడుకుతాండాదో ఊరికి తెలుస్తాదా?"

"చట్టి వాని కొంపలో ఉంటే తెలీదా?"

"చట్టి మన ఇంట్లోనే ఉండాది!"

"నువ్వు చెప్పేది నాకు ఎక్కదు. కొన్నదైతే రేపు అడిగే హక్కుంటాది."

బయ్యన్న మగ్గంలోంచి అందుకున్నాడు. "పోయినేడు మీ అన్న శెనిక్కాయ విత్తనం బిల్లుతో కొన్యాడు. మొలవలేదని అంగడి ముందర అరిచినాడు. అరిచినంక మొలిచిందా?"

"నువ్వుండప్పా!"

పదకొండో రోజు లహరి విసిగిపోయింది. "సరే, రమ్మను. చూపించి పంపిస్తా. నీ నోరన్నా మూతపడుతుంది."

జయచంద్ర వచ్చాడు. చాప మీద కూర్చుని తన ల్యాప్‌టాప్ తెరిచాడు. బయట ఆషాఢం గాలి పైకప్పు రేకులను లేపేటట్టు కొడుతోంది. ఆంజినమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది కానీ, చెవులు మాత్రం చాప దగ్గరే వదిలిపెట్టింది.

"మీ కొత్త అంచు ఇయ్యి పాపా, ఇప్పుడే తాళం వేసేస్తా," అంటున్నాడు జయచంద్ర.

లహరి పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుంది. చీనీ పూత దానిలో ఉంది.

"ఇంకో మాట. ఈ నెలలో తీసుకుంటే మా కంపెనీ నాలుగు వేల డిజైన్లు కూడా ఇస్తాది. ఊరికే."

లోపల కాఫీ వడపోస్తున్న ఆంజినమ్మ చెయ్యి ఆగింది.

ఊరికే? కొనమని పోరేవాడు కూడా ఊరికే అంటున్నాడే. ఆమె గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది కానీ వాటిని కింద పెట్టలేదు. "ఏందబ్బీ ఊరికే ఇచ్చేది? చూపీ."

"చూడక్కా." అతను వేలితో జరుపుతున్నాడు. నెమళ్లు పోయాయి, ఏనుగులు పోయాయి, మామిడి పిందెలు పోయాయి.

"ఆపు."

"ఏంటక్కా?"

"ఎనక్కి పో. ఆ... ఆడ."

చిలుకలు. ఆంజినమ్మ తెర దగ్గరికి వంగింది. ఒకటి. రెండు. మూడు. మూడోదానికి కన్ను లేదు.

ఆమె గ్లాసులు నేల మీద పెట్టింది. రొంటి నుంచి రుమాలు తీసి, ఎర్ర దారం పెన్‌డ్రైవ్ విప్పి కూతురి చేతిలో పెట్టింది. "పాపా, నీ గుడ్డి చిలక. నేను ఈయప్పకు ఇచ్చినా, హనుమంతప్ప అంగట్లో. ఒక్కసారి. నీకు చెప్పలేదు."

లహరి తెర వైపు చూసింది, తల్లి వైపు చూసింది. చీనీ పూత ఉన్న రెండో పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో బిగించి ఆ చేతిని వీపు వెనక్కి తీసుకుపోయింది.

జయచంద్ర ముఖం మారింది. "అక్కా, ఇది నేను చేసింది కాదు. డెమోలో పెట్టినవి కంపెనీ సర్వర్లో దానంతటదే కలిసిపోతాయి. షరతుల్లో రాసుంటాది. మీరు ఒప్పుకున్నామని నొక్కినారు కదా."

"నేను నొక్కినానా? నొక్కింది నీ ఏలు కదబ్బీ!"

"అది అందరికీ..."

"నేను తప్ప ఎవురూ తెరవలేరంటివే. నాలుగు వేలల్లో ఎంతమంది ఆడపిల్లలవి ఉండాయప్పా? చొక్కా పట్టుకోమన్యావు. పట్టుకోమంటావా?"

బయ్యన్న మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం అరుదు. జయచంద్ర ల్యాప్‌టాప్ మూసి, కాఫీ తాగకుండానే బయల్దేరాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "చిలుకను తీసేయమని కంపెనీకి చెప్తా అక్కా," అన్నాడు.

"తీసేసినట్టు నాకెట్ల తెలిసేది?" అంది ఆంజినమ్మ. అతను వెనక్కి చూడకుండా వాకిలి దాటాడు.

అతను పోయాక లహరి కోపంగా ఉంటుందని ఆంజినమ్మ అనుకుంది. కానీ లహరి నవ్వింది. "చూసినావా మా? ఊరికే దొరికిందే మేలు అని ఇప్పటికైనా ఒప్పుకుంటావా?"

"ఎందుకు ఒప్పుకుంటా? వీడు దొంగైతే వాళ్లు దొరలని ఎవురు చెప్పినారు?"

"కొనే సాఫ్ట్‌వేర్లన్నీ ఇట్లే ఉంటాయని కూడా కాదులే. తప్పు మనిషిది."

"మనిషి లేని సాఫ్ట్‌వేరు యాడుండాది? ఇంతకూ నీదాని లోపల అందరూ చూడొచ్చంటివే. చూపీ."

లహరి తెరిచింది. చీమల బారులాగా అక్షరాలు. ఎంత జరిపినా అయిపోలేదు.

"ఇదంతా నువ్వు చదివినావా?"

"లేదు మా. చదివేవాళ్లు చదువుతారు. శానామంది ఉండారు."

"ఎవురు?"

"ఎవురో ఒకరు."

"అందరి బాయి అని ఊర్లో ఎవురన్నా పూడిక తీసినారా? ప్రతివాడూ పక్కోడు తీస్తాడనుకునె. ఇప్పుడు ఆ బాయిలో కంపచెట్లు మొలిచినాయి."

ఆంజినమ్మ లేచి ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టింది. తిరిగొచ్చి కూతురి పక్కన చాప మీద కూర్చుంది.

"ఆ గుడ్డి చిలక లేకుంటే మనకు తెలిసేది కాదు," అంది మెల్లగా. "నీ చీనీ పూతకు గూడా ఒకటి పెట్టు."

"ఏంది?"

"తప్పు. ఎవురికీ కనపడని తప్పు. ఎవుడన్నా ఎత్తుకుపోతే మనకు గుర్తుండాల."

లహరి వరసలో తొమ్మిదో పువ్వును తెర మీద పెద్దది చేసి ఒక రేకు తుడిచేసింది. అయిదు రేకుల పువ్వుల మధ్య నాలుగు రేకులది ఒకటి. బయ్యన్నకు కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం బస్సుకే ఇద్దరూ ధర్మవరం పోయారు. ఆంజినమ్మ హనుమంతప్ప మిషను పక్కన స్టూలు వేసుకుంది. అట్టలన్నీ అయ్యేదాకా లేవలేదు. వారం తిరక్కుండా మహేశ్వరమ్మ పదహైదు మగ్గాల మీదా చీనీ పూత ఎక్కింది. ఫ్యాక్టరీకి ఈశ్వరి ఒక్కతే పోయింది.

శ్రావణం వచ్చింది. పువ్వు ఇంకెవరి దగ్గరా కనపడలేదు. మహేశ్వరమ్మ ఇంకో అంచు గీయమని కబురు పంపింది. లహరి అదే సాఫ్ట్‌వేర్లో మొదలుపెట్టింది.

ఆంజినమ్మ భయం మాత్రం తీరలేదు. బస్సులో ఎదురు సీటులో ఎవరైనా తెల్లపువ్వుల పట్టుచీర కట్టుకుని కూర్చుంటే, ఆమె కండ్లు అంచు మీదికే పోతాయి. ఒకటి, రెండు, మూడు అని మొదలుపెడుతుంది. తొమ్మిదో పువ్వు కుచ్చిళ్లలో మడత పడి ఉంటే, ఆ అమ్మ దిగేదాకా తాను దిగాల్సిన చోట కూడా దిగదు.