అమ్మలుకి పెళ్లిచూపులు

చూడ్డానికి ఎవరో వస్తున్నారంటే మా అత్తగారు చిలకమ్మకి తెలిసింది ఒక్కటే. ఇల్లు కడగాలి, పిల్లకి తలంటాలి, నుదుట బొట్టు పెట్టాలి. ఈసారి వచ్చేది కుందేలుని చూడ్డానికి మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా ఆవిడ చెవికెక్కలేదు.

ఆ కుందేలుని, హిందీ మాట్లాడే ఈ ఊళ్లో మేముండే బర్మామైన్స్ పేటలో, మా క్వార్టర్ల వెనక సందులో ఎవరో అట్టపెట్టెలో వదిలేసి పోయారు. కుక్కలు పీక్కుతినబోతుంటే కాసిడీహ్‌లో ఉండే ఇంద్రాణి గారు కాపాడారు. ఇలాంటి మూగజీవాలకి ఇళ్లు వెతికిపెట్టడం ఆవిడకి అలవాటు. మా పాప హాసిని అది తనకే కావాలని ఏడ్చి గోల పెట్టింది. "ముందు వారం రోజులు ఉంచుకోండి. ఆదివారం వచ్చి చూస్తాను. సుఖంగా ఉంటే మీదే, లేకపోతే తీసుకుపోతాను" అన్నారావిడ.

ఆ వారం ఇల్లు ఇల్లుగా లేదు. ఫోన్ చార్జర్ వైరు కొరికేసింది. మంచం కింద నల్లటి గోళీలు ఊడుస్తూ నేను తిట్టని తిట్టు లేదు. తిడుతూనే లేత కొత్తిమీర దానికని విడిగా తీసి పెట్టేదాన్ని, అది వేరే సంగతి. అత్తగారికైతే అది మొదటి రోజే 'అమ్మలు' అయిపోయింది. మధ్యాహ్నం ఆవిడ చాప మీద నడుం వాలిస్తే అదీ వచ్చి పక్కన కాళ్లు చాపేది.

ఆదివారం పర్సుడీహ్ బజారు నుంచి నేను కూరలు తెచ్చేసరికి హాసిని గుమ్మంలో ఏడుస్తోంది.

"మమ్మీ, జల్దీ ఆవో! మామ్మ నే ఉస్‌కో నహలా దియా!"

అమ్మలుకి నీళ్లు పోసేసిందట! కుందేలుకి స్నానం చేయించొద్దు, చలికీ భయానికీ ప్రాణం మీదికొస్తుందని ఇంద్రాణి గారు మరీ మరీ చెప్పారు. "నీల్లు పోసుకోని పిల్లుంటాదేటి?" అని ఆ రోజే అత్తగారు నవ్వేసింది.

పెరట్లో నువ్వుల నూనె, సున్నిపిండి, పసుపు, కుంకుడు రసం. చంటిపిల్లకి చేసినట్టే నలుగు పెట్టి తలంటేసింది. పచ్చగా తిరిగిన అమ్మలు చెవులు వాల్చేసి ఆవిడ చేతుల్లో తడిగుడ్డలా వేలాడుతోంది.

"కదల్దేటే? అమ్మలూ, కల్లిప్పే!"

తిట్టడానికి నోరు తెరిచాను. ఆవిడ దాని మూతి తన చెంపకి ఆనించి ఊపిరాడుతోందో లేదో చూసుకుంటుంటే మూసేశాను. తువ్వాళ్లు మార్చి మార్చి తుడిచాం. ఆవిడ దాన్ని కొంగులో చుట్టి గుండెకి హత్తుకుని కూర్చుంది.

అప్పుడే గేటు చప్పుడైంది. హాసిని నా చెయ్యి పట్టుకుని, "మామ్మ కా నామ్ మత్ లేనా. నేనే చేశానని చెప్తా" అంది. నేనూ ఏదో అబద్ధం వెతుక్కుంటున్నాను.

కొంగులోంచి కనబడుతున్న పచ్చటి చెవులు చూసి, చేతిలో బుట్టతో వచ్చిన ఇంద్రాణి గారి మొహం మారిపోయింది. "యే కిస్‌నే కియా?"

ఎవరు చేశారో మేం చెప్పేలోపే అత్తగారు లేచింది. "హమ్ కియా. బచ్చీ నహీ, హమ్." పిల్ల కాదు తనేనని చెప్పేశాక ఆవిడ హిందీ అయిపోయింది. "తీసుకుపోండమ్మా. నా సేతుల్తో సంపేసీదాన్ని. కాకపోతే ఇంకా తడిగుంది. కాసేపాగి ఎల్లండి, బయట గాలి కొట్టేత్తాది."

నేను హిందీలో చెప్పాను.

ఇంద్రాణి గారు కింద కూర్చున్నారు. చెవులు తడిమి చూసి, నా సంచిలోంచి మెంతికూర రెమ్మ తీసి దాని మూతి దగ్గర పెట్టారు. ముగ్గురం వంగి చూస్తున్నాం. ముక్కు అదిరింది. ఒక ఆకు లోపలికి పోయింది, తర్వాత ఇంకోటి.

"తింటోంది. ఇక ఫరవాలేదు" అన్నారావిడ. అమ్మలు వీపు నిమురుతూ అడిగారు. "ఇది పదేళ్లు బతుకుతుంది. పాప చదువుల్లో పడుతుంది. ఎవరు చూస్తారు?"

నేను తెలుగులో చెప్పాను. అత్తగారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"పదేల్లా... నేనే సూత్తాను. నీల్లు మాత్రం పొయ్యను."

ఇంద్రాణి గారు నవ్వారు. ఖాళీ బుట్టతోనే వెళ్లారు.

భోజనాలయ్యాక అత్తగారు నన్ను పిలిచి చెయ్యి చాపింది. మామగారు పోయిన దగ్గర్నుంచి, ఎవరి కోసమే ఇవన్నీ అని విసుక్కుంటూ, మేం బతిమాలితే గాని ఆవిడ ముట్టని బీపీ మాత్ర, ఆ రోజు తనే అడిగింది.

"రోజూ ఏసుకుంటే పదేల్లుంటానేటే?"