మెడలో పగులు

నేను ఒక సైకిల్‌ని. నున్నటి తారు రోడ్డు మీద దూసుకుపోయే జాతి కాదు నాది. అలాగని కొండ మీంచి రాళ్లల్లోకి దూకే మొరటు జాతీ కాదు. కంకర బాటల కోసం పుట్టినదాన్ని. ఫ్రాన్స్ దేశంలో పొలాల గట్ల వెంట, ఓక్ అడవుల పక్కన, పాత ఊళ్లను ఒకదానితో ఒకటి కలుపుతూ తెల్లటి కంకర దారులు ఎన్నో ఉన్నాయి. వాటి మీద సుఖంగా పోయేందుకు నాకు వెడల్పాటి టైర్లు, వంపు తిరిగిన హ్యాండిలు పెట్టారు. గ్రావెల్ సైకిల్ అంటారు నన్ను. చూడ్డానికి మహా ధైర్యంగా కనిపిస్తాను. కానీ నా బతుకులో చాలా భాగం భయంతోనే గడిచింది.

నన్ను చేసినవాడి పేరు ఫెలిసియెన్. కొండల మధ్య ఒక పాత బొగ్గుగనుల పట్నంలో అతనికి చిన్న షెడ్డు ఉండేది. ఉక్కు గొట్టాలు కోసి, ఆకురాయితో అరగదీసి, ఇత్తడి కరిగించి అతికేవాడు. అతికిన చోటల్లా బొటనవేలితో తడిమి చూసుకునేవాడు. నా ఒళ్లంతా అతని చేతిలోనే తయారైంది, ఒక్క ఫోర్కు తప్ప. ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకుని, పైన మెడలా నా ఒంట్లోకి దూరి, హ్యాండిలును మోసేదే ఫోర్కు. అది కార్బన్ పోగులతో చేసినది. ఎక్కణ్ణించో అట్టపెట్టెలో వచ్చింది. తేలిక, గట్టి. కానీ ఉక్కు అయితే ముందు వంగి సంగతి చెబుతుంది. కార్బన్ అలా కాదు. విరిగేదాకా పెదవి విప్పదు.

నన్ను మొదట కొన్నది ఎతియెన్ అనే చరిత్ర లెక్చరర్. ఆదివారం వస్తే చాలు, నన్నెక్కి ఏదో ఒక పాత ఊరికి బయలుదేరేవాడు. ఎనిమిది వందల ఏళ్ల చర్చి గోడకు నన్ను ఆనించి ఫొటో తీసేవాడు. కోట గుమ్మానికి ఆనించి ఇంకోటి. ఆ గోడను ఓసారి చేత్తో తాకుతాడేమోనని చూసేదాన్ని. ఎప్పుడూ తాకలేదు. ఫొటో బాగా వచ్చిందో లేదో చూసుకోవడంతోనే ఆయనకు సరిపోయేది. మనుషులు అంత దూరం చెమటోడ్చి వచ్చి, వచ్చిన చోటును అరచేతిలోని అద్దంలో చూసుకుని వెళ్లిపోవడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఒక వానరోజు కోట వాకిలి నుంచి కిందికి దిగే రాళ్లబాట మీద ఆయన జోరుగా వస్తున్నాడు. బాటకు అడ్డంగా మురుగునీటి గాడి ఉంది. ముందు చక్రం దాంట్లో పడింది. ఆయన నా మీంచి ఎగిరి అవతల పడ్డాడు. భుజం ఎముక విరిగింది. నా మెడలో, ఎవరికీ కనిపించని లోపలి భాగంలో, వెంట్రుకంత పగులు పడింది.

భుజం నయమయ్యాక ఎతియెన్ నన్ను గరాజులో దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. పైన గీసుకుపోయిన చోట సన్నటి కుంచెతో రంగు పూశాడు. "బతికిపోయావు" అన్నాడు. నేను బతికిపోలేదు. కానీ ఎలా చెప్పను? ఆ తర్వాత ఆయన మళ్లీ నన్నెక్కలేదు. గోడకు తగిలించి, చివరికి అమ్మేశాడు.

కొన్నది తాయారు. పూర్తి పేరు మంగతాయారు. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన యానాం వాళ్లది. వాళ్ల నాన్న కాలంలోనే కుటుంబానికి ఫ్రెంచి పౌరసత్వం వచ్చింది. తాయారు తులూజ్ పట్నంలో ఒక మందుల షాపులో పనిచేస్తోంది. గట్టిగా నవ్వే మనిషి. నన్ను చూడగానే "అబ్బ, తమలపాకు రంగు!" అని ముచ్చటపడి అక్కడికక్కడే ఎక్కి ఒక చుట్టు తిరిగింది. భయమంటే ఏమిటో ఆవిడకు తెలియదు. ఏటవాలు కనిపిస్తే బ్రేకు మీంచి వేళ్లు తీసేసేది. ఆ గాలికి ఆవిడ కేక పెట్టి నవ్వుతుంటే, కింద నా మెడలో పగులు కాస్త కాస్తగా పాకుతుండేది. ప్రతి దిగుడులోనూ ఇదే ఆఖరనుకునేదాన్ని.

ఆవిడతో పాటు వచ్చేది వాళ్ల వదిన వైజయంతి, తాయారు అన్నగారి భార్య. ఆస్పత్రిలో నర్సు. వైజయంతికి అన్నీ భయాలే. లిఫ్టు భయం, వంతెన భయం, ఉరుము భయం. కుటుంబమంతా కూర్చుంటే ఆవిడ భయాల మీదే జోకులు. ఆవిడా వాళ్లతో కలిసి నవ్వేసేది. అయినా ఆడపడుచు పిలిస్తే కాదనలేక, తన పాత సైకిలేసుకుని వెనకాలే మెల్లగా వచ్చేది.

ఆకులు రాలే కాలంలో ఒక శనివారం ఇద్దరూ లోట్ నది పక్కనుంచి పైనున్న రాతి పీఠభూమికి ఎక్కారు. అటూ ఇటూ మట్టి లేకుండా పేర్చిన రాతిగోడలు. వాటి వెనక గొర్రెల మందలు. ఆ ప్రాంతపు గొర్రెలకు తెల్లటి మొహం మీద కళ్ల చుట్టూ నల్లటి మచ్చ ఉంటుంది. "ఎవరో కూర్చోబెట్టి కాటుక పెట్టినట్టుంది వదినా!" అని తాయారు ఆగి మరీ చూసింది. మధ్యాహ్నానికి కొండ అంచున ఉన్న ఊరు చేరారు. కర్రదూలాలు బయటికి కనిపించే ఇళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్న కప్పులు, అరిగిపోయిన మెట్ల చర్చి. ఊరి అవతల దారి మెలికలు తిరుగుతూ లోయలోకి దిగుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క శూన్యం.

అప్పటికే పొగమంచు కమ్ముకొస్తోంది. చర్చి ముందు తాయారు నన్ను ఆపడానికి ముందు బ్రేకు నొక్కింది. నా మెడలోంచి "టిక్" అని శబ్దం వచ్చింది.

వైజయంతి తలెత్తింది. "అదేంటే ఆ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"మళ్లీ నొక్కు. అదిగో! ఇందాక ఎక్కేటప్పుడూ విన్నాను."

"బ్యాగు కట్టిన తాడై ఉంటుంది వదినా. నీకెప్పుడూ ఏదో ఒక భయం."

"తాడు కాదు తాయారూ. లోపల్నించి వస్తోంది. కింద స్టేషన్‌కి నడిచిపోదాం. రైలెక్కేద్దాం."

తాయారు పకపకా నవ్వింది. "ఇంత దూరం వచ్చింది ఈ దిగుడు కోసమే. పోనీ, అంత అనుమానమైతే నువ్వే తొక్కి చూడు!"

నవ్వులాటకన్న మాట అది. వైజయంతి నవ్వలేదు. నా వంక చూసింది, లోయ వంక చూసింది. "సరే, ఇలా ఇవ్వు" అంది. "నువ్వు దీని మీద బాణంలా పోతావు. నేనైతే మెల్లగా వస్తాను. నాది తీసుకుని నువ్వు పద."

తాయారు దాన్నీ ఒక తమాషాగానే తీసుకుంది. వదిన సైకిలెక్కి, "కింద వంతెన దగ్గర ఉంటా" అని కేకేసి పొగమంచులో కలిసిపోయింది. వదిన మాటల్లో ఎంత ప్రేమ ఉందో, ఎంత తెగింపు ఉందో తాయారుకు తట్టనే లేదు. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

వైజయంతి నన్నెక్కింది. ఆవిడ భయమంతా వేళ్లలోకి దిగింది. రెండు బ్రేకులూ బిగించి పట్టుకుంది. ముందు బ్రేకు పట్టిన ప్రతిసారీ ఫోర్కు వెనక్కి గుంజుకుపోతుంది. నా మెడ తెరుచుకుంటుంది. ఆవిడ భయపడేకొద్దీ గట్టిగా నొక్కుతోంది, నొక్కేకొద్దీ పగులు పెరుగుతోంది. తల్లీ, ఆ వేళ్లు కాస్త సడలించు అని అరవాలనిపించింది. సడలిస్తే మాత్రం? కుడి పక్కన రెండడుగుల అవతల నేలే లేదు. టిక్. టిక్. ఎక్కడో చాలా కింద నది మోత. నా బతుకులో అంతగా ఎప్పుడూ భయపడలేదు.

మూడో మలుపు దగ్గర వైజయంతి ఆగిపోయింది. "నా వల్ల కాదు" అని తనలో తనే అనుకుని దిగింది. నన్ను పక్కన పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాను.

అంతలో పొగమంచులోంచి గంటల చప్పుడు వినిపించింది. గొర్రెలు. వాటి ముందు తెల్లటి ఆకారమొకటి గుర్రుమంటూ వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. తోడేళ్ల నుంచి మందను కాపాడే కాపలా కుక్క. దూడంత ఉంది. పరిగెత్తితే వెంట పడుతుందని వైజయంతికి తెలుసు. నన్ను తనకూ కుక్కకూ మధ్యకు లాక్కుని, రాతిగోడకు వీపు ఆనించింది. అలా నేను గోడనయ్యాను.

"మదామ్, కదలకండి!" పైనుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. "వస్తున్నా! దాని కళ్లల్లోకి చూడకండి!"

కుక్క ఆగలేదు. ఒక్క ఉదుటున లేచి ముందు కాళ్లు రెండూ నా హ్యాండిలు మీద వేసింది. వైజయంతి అప్రయత్నంగా బ్రేకు బిగించి నన్ను ముందుకు నెట్టింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది.

కుక్క బెదిరి వెనక్కి దూకింది. నా ముందు చక్రం, ఫోర్కుతో సహా ఒంట్లోంచి జారి దారి మీద పడింది. హ్యాండిలు మాత్రం వైజయంతి చేతుల్లో ఉండిపోయింది. దాన్ని నాతో కలిపి ఉంచింది బ్రేకు తీగ ఒక్కటే.

తన చేతుల్లో ఉన్నదేమిటో అర్థం కావడానికి ఆవిడకు కొంతసేపు పట్టింది. కాపరి వచ్చింది, ఓదెత్ అనే నడివయసు మనిషి. కుక్కను మెడపట్టీ పట్టుకుని లాగి, క్షమించమంటూ ఏదేదో చెబుతోంది. వైజయంతి వినడం లేదు. లోయ వైపు చూస్తోంది. "తాయారు" అంది. "దీని మీద మా తాయారు ఉండాల్సింది." అంటూనే కూలబడి ఏడ్చింది.

కింద ఎంతసేపు చూసినా వదిన రాకపోయేసరికి తాయారు సైకిలు అక్కడే వదిలేసి ఎక్కి వచ్చింది. "ఏంటొదినా, ఇంకా..." అంటూ మలుపు తిరిగి, ఆగిపోయింది. నా విరిగిన మెడను చూసింది. తను అంతకుముందే గాలిలా దిగిన ఏటవాలును వెనక్కి తిరిగి చూసింది. నవ్వుదామని నోరు తెరిచింది గానీ నవ్వు రాలేదు. వదిన పక్కన కూర్చుని ఆవిడ కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓదెత్ తన వ్యానులో స్టేషన్ దాకా దింపుతానంటే, తాయారు ఆ వ్యాను ఎక్కడానికి కూడా జంకింది. మలుపు మలుపుకీ కళ్లు మూసుకుంది.

ఇంటికెళ్లాక తాయారు నన్ను పాతసామాన్లలో పడేస్తానంది. "వద్దు" అంది వైజయంతి. "ఒంటికేమైంది దానికి? మెడ మార్పిస్తే సరి. నేను తొక్కుతాను."

ఇప్పుడు నా ఫోర్కు ఉక్కుది. కాస్త బరువు. వైజయంతి నన్నెక్కి నదీతీరపు బాటల మీద తిరుగుతుంది. పాత ఊళ్లకు వెళ్తుంది, గోడలను అరచేత్తో తాకి చూస్తుంది. భయం పోయిందా అంటే ఆవిడకూ పోలేదు, నాకూ పోలేదు. దిగుడు వచ్చిన ప్రతిచోటా ఇద్దరం బిగుసుకుపోతాం. దిగి నడవాలనిపిస్తే నడుస్తాం.

మొన్న వసంతంలో తాయారు వచ్చింది. చాలాసేపు నా చుట్టూ తిరిగి, "ఒక్కసారి ఎక్కి చూస్తా వదినా" అంది. నన్ను సందులోకి తీసుకొచ్చింది. అది చదునైన సందు, గులకరాయి కూడా లేదు. ఒక కాలు పెడల్ మీద పెట్టింది. రెండోది నేల మీంచి లేవలేదు. ఎప్పుడూ బ్రేకు మీంచి తీసేసే ఆ వేళ్లు రెండు బ్రేకులనూ బిగించి పట్టుకున్నాయి. కాసేపటికి దిగిపోయి, తలొంచుకుని నిలబడింది.

గుమ్మంలోంచి వైజయంతి అంతా చూస్తోంది. ఆవిడ నవ్వలేదు. వచ్చి ఒక పక్క నా హ్యాండిలు పట్టుకుంది. "పట్టుకునే ఉంటాలే" అంది.