తడి గుడ్డ

పొద్దున్నే కుక్కర్ మొదటి కూత వేసేసరికి ఆయన వరండాలో పీట వేసుకుని కూర్చునేవాడు. ఎదురుగా సీటు ఊడిన కుర్చీ, పక్కన తడి గుడ్డలో చుట్టిన పేము బద్దలు. ఒక్కొక్క బద్దా తీసి, కుర్చీ చట్రంలోని కన్నంలో దూర్చి, బిగించి లాగి, అవతలి కన్నంలోంచి పైకి తెచ్చేవాడు. వంటింట్లో కూతలు ఆగి, పాప బడికి బయలుదేరి, ఆయనకు ఆఫీసు వేళయ్యేలోపు జానెడు అల్లిక పూర్తయ్యేది. సాయంత్రం టీ తాగుతూ ఇంకో జానెడు. ఇలా ముక్క ముక్కగా దొరికిన కాలంతోనే ఆయన ఊళ్లో పాత కుర్చీలెన్నిటికో ప్రాణం పోశాడు.

బస్సు టికెట్ల కౌంటర్లో గుమాస్తా ఆయన. ఏ పని చెప్పినా "చిటికెలో అయిపోతుంది" అంటాడని తోటివాళ్లు చిటికెగారని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ముద్దు. భోజనాల వేళ నలుగురూ చేరితే చాలు, ఉపన్యాసం మొదలుపెట్టేవాడు.

"టైం లేదు, టైం లేదు అని ఏడవడం తప్ప మీరు చేసేదేముందయ్యా? నన్ను చూడండి. ఉద్యోగం ఉంది, సంసారం ఉంది, అమ్మ ఉంది, పాప ఉంది. అయినా సొంత పని నడుపుతున్నానా లేదా? ఖాళీ అనేది వెతుక్కునేవాడికే దొరుకుతుంది."

విన్నవాళ్లు నిజమే సుమా అని తలలూపేవారు. మనం కూడా ఊపేవాళ్లమే. ఇలాంటి మాటలు వినడానికి ఎంతో ఉత్సాహంగా ఉంటాయి. ఆ ఖాళీ ఎక్కడిదని ఎవరూ అడగరు.

ఇలా ఉండగా పాత పఠనాలయానికి కొత్తగా సున్నాలు వేసి, ఆదివారం తిరిగి తెరవబోతున్నారు. అక్కడి పేము కుర్చీలన్నీ చిరిగి వేలాడుతున్నాయి. లైబ్రేరియన్ స్వయంగా వచ్చి అడిగింది.

"ఆదివారానికల్లా అన్నీ అయిపోవాలండీ. మాట ఇస్తారా?"

"చిటికెలో పని!" అన్నాడాయన. ఇన్నాళ్లూ ఇరుగుపొరుగు కుర్చీలే తప్ప నలుగురి కంటా పడే పని ఆయనకు రాలేదు. ఇది నెగ్గితే ఊళ్లోని స్కూళ్లు, హోటళ్లు తన గుమ్మం తొక్కుతాయని కలలు కన్నాడు. మాట తప్పితే మటుకు ఇంతకాలం కొట్టిన గొప్పలన్నీ గంగపాలే.

ఆ వారమే ఆయన భార్యకూ ఒక పని దొరికింది. ఎదురింటావిడ సంచికి జిప్పు పాడైతే ఈవిడ సరదాగా మార్చి ఇచ్చింది. ఆ సంచి చూసి ఇంకొకావిడ, ఆవిడ చెబితే మరొకావిడ, జిప్పులు ఊడిన సంచులు పట్టుకుని ఇంటికే రావడం మొదలుపెట్టారు. మూల పడి ఉన్న కుట్టుమిషనుకు భార్య నూనె వేసింది. పఠనాలయం తెరవడానికి ఇంకా వారముందనగా, ఆదివారం రాత్రి ఆయన పేపరు చదువుకుంటుంటే వచ్చి చెప్పింది.

"ఏమండీ, రేపటి నుంచి పొద్దున పూట కాసేపు కుట్టుకుందామనుకుంటున్నాను. బడి పిల్లల సంచులు, బడి వేళకే ఇచ్చేయాలి. మీ బద్దల సంగతి మీరు చూసుకుంటారుగా?"

"ఊఁ, ఊఁ. చేసుకో. ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా," అన్నాడు పేపర్లోంచి తల ఎత్తకుండా.

మర్నాడు పీట మీద కూర్చుని, మామూలుగా చెయ్యి చాచి బద్ద అందుకున్నాడు. కన్నంలో దూర్చి లాగాడో లేదో ఫట్‌మని విరిగింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మూడోది వంచకముందే చీలి వేలికి గుచ్చుకుంది. చిటికెగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసు నుంచి వస్తూ వస్తూ పేము కొట్టువాడి మీద విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా, ఏం సరుకు అంటగట్టావు? పుల్లల్లా విరిగిపోతున్నాయి!"

"బాగా నానాయా సార్?"

"ఇంతకాలంగా అల్లుతున్నాను, నాకు పాఠాలు చెబుతావా?"

పాపం కొట్టువాడు ఎందుకొచ్చిన గొడవని ఇంకో కట్ట ఇచ్చి పంపాడు. మరునాడు పొద్దున ఆ కట్టలోవీ విరిగాయి. ఆయన పీట మీంచే మళ్లీ కొట్టువాడిని తిట్టడం మొదలుపెట్టాడు.

పేము నానాలని ఆయనకు తెలియక కాదు. పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. కాని ఇంట్లో పొడిబద్ద ఏనాడూ ఆయన చేతికి రాలేదు. పీట పక్కన తడి గుడ్డ ఎప్పుడూ సిద్ధం. రోజూ ఎదుట కనిపించే వస్తువును ఎవరు పెట్టారని అడగకపోవడం మన ఇళ్లలో చాలామందికి అలవాటే. ఆ అలవాటు ముదిరి ముదిరి, పేము పుట్టుకతోనే మెత్తగా ఉంటుందన్నట్టు తయారయ్యాడు చిటికెగారు.

అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తున్న తల్లి, కొట్టువాడికి పడుతున్న తిట్లన్నీ విని, చివరికి నోరు విప్పింది.

"ఒరేయ్, తడి గుడ్డేదిరా?"

ఆయన పక్కకు చూశాడు. గుడ్డ లేదు. నేల పొడిగా ఉంది.

"నువ్వు దుప్పటి ముసుగు తీయకముందే ఆ పిల్ల లేచి, గోరువెచ్చని నీళ్లలో బద్దలు నానేసి, వేళ చూసుకుని తీసి, గుడ్డలో చుట్టి నీ పక్కన పెట్టేది. తరువాతే పొయ్యి వెలిగించేది. నువ్వు అల్లుతున్నంతసేపూ పాపకు జడ వేసిందెవరు? డబ్బాలు సర్దిందెవరు? నీ కోసం వచ్చినవాళ్లకు జవాబు చెప్పిందెవరు? ఖాళీ వెతుక్కున్నానని ఊరంతా చెప్పుకుంటావే, అది దాని కాలం రా! ముక్క ముక్కా కోసి నీ చేతిలో పెట్టింది."

లోపల కుట్టుమిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు.

"కక్షతో మానలేదండీ. ఆదివారం రాత్రే చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

చిటికెగారికి తల కొట్టేసినట్టయింది. ఏం ఊఁ అన్నాడో, ఆ వెనకే ఏ మాట అన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. ఖాళీగానే ఉంటావుగా!

అయినా మనిషి మనిషే కదా. ఆదివారం కళ్ల ముందు మెదిలింది. ఈ ఒక్క వారం ఆ సంచులు పక్కన పెట్టవూ అని అడగాలని నోరు తెరిచాడు. అడిగితే ఆమె కాదనదు. మిషను మీద గుడ్డ కప్పేసి బకెట్టు దగ్గరికి వెళుతుంది, అన్ని కుర్చీలూ వేళకు పూర్తవుతాయి, ఊళ్లో పేరు నిలుస్తుంది. అంతా తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాడు.

"ఎంతసేపు నానాలి?" అని అడిగాడు.

"అరగంట చాలు. మరీ ఉంచేస్తే నల్లబడతాయి," అంది భార్య, నవ్వాపుకుంటూ.

ఆయనే నీళ్లు కాచాడు. బద్దలు అందులో వేసి, అవి నానేలోపు పాపకు జడ వేశాడు. అది జడలా లేదని పాప గగ్గోలు పెట్టింది. డబ్బాల మూతలు తారుమారయ్యాయి. ఇవన్నీ అయ్యేసరికి అల్లికకు మిగిలిన కాలం ఇంత అని చెప్పుకోవడానికి కూడా లేదు. మిషను మటుకు ఆగకుండా నడిచింది.

ఆ సాయంత్రమే పఠనాలయానికి వెళ్లాడు.

"రెండు కుర్చీలు ఆదివారానికి కావండీ. తరువాత తప్పకుండా చేసి ఇస్తాను. మాట తప్పినందుకు ఏమీ అనుకోకండి," అన్నాడు.

లైబ్రేరియన్ ముఖం కాస్త చిన్నబోయింది. "చిటికెలో అన్నారే!" అని మాత్రం అంది. ఆ మాట ఆయనకు చురుక్కున తగిలింది. ఓర్చుకున్నాడు.

ఆదివారం పఠనాలయం కిటకిటలాడింది. కొత్త అల్లిక కుర్చీలను జనం తడిమి తడిమి చూశారు. సీటు లేని ఆ రెండూ గోడ పక్కన బోసిగా నిలబడి ఉన్నాయి. ఆఫీసువాళ్లు ఊరుకుంటారా! "చిటికెగారూ, ఉద్యోగం చేస్తూ ఇన్ని అల్లారే, ఆ ఖాళీ రహస్యం ఇక్కడ కూడా చెప్పండి!" అని కేకలేశారు. లైబ్రేరియన్ చేయి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. వెనక వరసలో తల్లి, పాప, వాళ్ల పక్కన భార్య కనిపించారు. ఎవరో ఒకావిడ ఆమెకు తన సంచి జిప్పు చూపిస్తోంది.

"ఖాళీ నేను వెతుక్కున్నానని మీ అందరికీ చెప్పాను. అబద్ధం. మా ఆవిడ తన రోజులోంచి తీసి ఇస్తుంటే, నాకు దొరికిందనుకున్నాను. ఇప్పుడు ఆవిడకూ ఒక పని ఉంది. ఆ రెండు కుర్చీలు అందుకే అలా ఉన్నాయి. ఆలస్యానికి నాదే పూచీ. మీలో ఎవరైనా సొంత పని మొదలుపెడితే సంతోషం, తప్పక పెట్టండి. కాని ముందు ఇంటికెళ్లి, మీకు దొరికే ఖాళీ ఎవరు ఇస్తున్నారో చూడండి. చూశాక, అందులో సగం వాళ్లకు తిరిగి ఇచ్చేయండి."