ముల్లు చూసే మనిషి

"అమ్మ కళ్లజోడు కనపడటం లేదట. ఒకసారి పైకి రా."

భర్త ఫోన్లో ఆ మాట అనేసరికి ఆమె కారు బానెట్ కింద నడుము దాకా వంగి ఉంది. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో రబ్బరు గొట్టం, ఫోను భుజానికీ చెవికీ మధ్య. ఇంట్లో మనుషులు ఇద్దరున్నారు. అయినా కళ్లజోడు వెతకాలంటే మూడంతస్తుల కింద పార్కింగులో ఉన్న మనిషే కదిలి రావాలి. "టీవీ పక్కన చూడండి," అంది. "చూశాలే, లేదు," అన్నాడు. కుర్చీలోంచి లేవకుండానే అన్నాడని ఆ గొంతే చెప్పింది.

కారు ఆమెది. రక్తపరీక్షల ల్యాబులో పొద్దుటి షిఫ్టు చేసి, ఆ జీతంతో కొనుక్కున్న పాత టర్బో కారు. ఒకరోజు పనికి వెళ్తూ ఎత్తు మీద లారీని దాటుతుంటే, ఎవరో వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసినట్టయింది. ఆ తోపు ఆమెకు పిచ్చిగా నచ్చింది. ఇంకొంచెం కావాలనిపించింది. ఫలానాది కావాలి అని తనకోసం అనుకుని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. అందుకే ఆ కోరిక పళ్లలో ఇరుక్కున్న పీచులా రోజంతా సలుపుతూనే ఉంది.

టర్బో ఇంజిన్‌లోకి గాలిని కూరుతుంది. గాలి మరీ ఎక్కువైతే ఒక చిన్న తలుపు తెరుచుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. ఆమె తెప్పించుకున్న బూస్ట్ కంట్రోలర్ ఆ తలుపును కాస్త ఆలస్యంగా తెరుచుకోనిస్తుంది. బొటనవేలంత ఇత్తడి ముక్క, లోపల ఒక స్ప్రింగు, పైన ఒక మర. మర బిగించేకొద్దీ జోరు పెరుగుతుంది, హద్దు దాటితే ఇంజిన్ పోతుంది. ఇందులో ఆడవాళ్ల బతుక్కి పోలిక వెతుక్కునేవాళ్లు వెతుక్కోవచ్చు. ఆమెకు అంత తీరిక లేదు, గొట్టానికి క్లిప్పు పట్టడం లేదు.

పార్సిల్ వచ్చిన రోజు భర్త, "మిక్సీ బాగుచేయించమంటే నెల పట్టింది, దీనికి మాత్రం ఎక్కడలేని ఓపికొచ్చిందే," అన్నాడు. "ఆ గ్రీజు గోళ్లతోనే పిండి కలుపుతావా తల్లీ?" అంది అత్తగారు. ఇందాక స్కూటరు తీసుకోవడానికి వచ్చిన రెండో అంతస్తు పెద్దాయన ఆగి, "ఏమ్మా, మీవారు ఊళ్లో లేరా?" అని జాలిపడ్డాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే తిరిగి ఒక మాట అనేదే. ఆమె గింజుకుంటూ పని చేస్తోంది.

ఎట్టకేలకు క్లిప్పు పడింది. మరను బాగా వదులుగా ఉంచి పైకి వెళ్లింది. కళ్లజోడు టీవీ పక్కనే ఉంది. ఎలాగూ వచ్చావు కదా అని అత్తగారు టీ అడిగింది. స్టవ్ దగ్గర నిలబడ్డా ఆమె ప్రాణం కిందే కొట్టుకుంటోంది. తిరిగి కిందికి దిగేసరికి భర్త కారు పక్కన నిలబడి పెద్దాయనతో, "కారు జోరు పెంచుతున్నానండీ," అంటున్నాడు. ఆమె విననట్టు, మర కదలకుండా పట్టే నట్టు బిగించి, బానెట్ మూసింది.

ఇక నడిపి చూడాలి. గాలి ఒత్తిడి చూపించే గేజ్ ఇంకా డాష్‌బోర్డుకు బిగించలేదు, ఒళ్లో పెట్టుకుని ముల్లు చూస్తూ అంకెలు చెప్పాలి. అంటే ఇద్దరు కావాలి. అతను నేరుగా వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె కూడా, ఎవరూ చెప్పకుండానే, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. తాళం కూడా తనే అందించింది. కారు కదిలాక గానీ ఆ సంగతి ఆమెకు తట్టలేదు. తట్టాక మనసు మనసులో లేదు.

గోదాముల వెనక రోడ్డు ఖాళీగా ఉంది. "పన్నెండు దాటకూడదు. నేను చాలనగానే కాలు తీసేయండి," అంది. అతను తొక్కాడు. మర అంత వదులుగా ఉంటే ముల్లు ఎనిమిది దగ్గర ఆగాల్సింది, ఆగలేదు.

"పది... పన్నెండు. చాలు, తీయండి."

"ఏం కాదులే."

"చాలండీ!"

"అరవకు!"

కారు ఒక్కసారిగా విదిలించుకుని దగ్గింది, ఎర్రలైటు వెలిగింది. అప్పుడు తీశాడు కాలు. కారు పక్కకు ఆపి, "ఏదో తప్పు బిగించావు నువ్వు," అన్నాడు.

సిగ్గుచేటు ఏమిటంటే, ఆమె నమ్మింది. గొట్టాలు తారుమారు చేశానా అనుకుంటూ దిగి బానెట్ ఎత్తింది. గొట్టాలు సరిగ్గానే ఉన్నాయి. మర మాత్రం తను వదిలిన చోట లేదు, లోపలికి దిగిపోయి ఉంది.

"మీరు తిప్పారా?"

"రెండు చుట్లు. నీలా కొంచెం కొంచెం అంటూ కూర్చుంటే తెల్లారుతుంది," అన్నాడు, మేలు చేసినవాడిలా.

ఒళ్లు మండిపోయింది ఆమెకు. మరను మొదటికి తిప్పి, నట్టు బిగించి, కిటికీలోంచి చెయ్యి పెట్టి కారు స్టార్ట్ చేసి ఇంజిన్ చప్పుడు విన్నది. సవ్యంగానే ఉంది, లైటు ఆరిపోయింది. డ్రైవరు తలుపు తీసి పట్టుకుని నిలబడింది.

"దిగండి."

"నీకేమైనా పిచ్చా? ముల్లు ఎవరు చూస్తారు?"

"మీరే."

అతను రోడ్డు అటూ ఇటూ చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. ఎవరూ లేరు. దిగి, పక్క సీట్లో కూర్చుని, గేజ్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె గేరు వేసి తొక్కింది. వీపు మీద ఆ తోపు వచ్చింది.

"నాలుగు," అన్నాడు. "ఐదు... ఆరు... చాలు, చాలు!"

ఆమె కాలు తీసేసింది. కారు నెమ్మదించింది. అతను ముల్లు వైపు చూసి, ఆమె వైపు చూశాడు.

"పన్నెండు దాకా పోవచ్చన్నావుగా. ఎందుకు తీశావు?"

"మీరు చాలన్నారు కదా," అంది.