చుట్టాలొస్తేనే వెచ్చదనం

“వేణీ, వాళ్ళొచ్చేది ఆరింటికి కదా? ఐదున్నరకి హీట్ పెంచుతాలే” అని శశికాంత్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పాడు, పెళ్ళానికి వడ్డాణం చేయిస్తున్నంత ఉదారంగా.

కృష్ణవేణి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో పునుగుల పిండి కలుపుతోంది. పిండి చల్లగా ఉంది, చెయ్యి అంతకంటే చల్లగా ఉంది. ఒంటిమీద రెండు స్వెట్టర్లు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, మెడ చుట్టూ అత్తగారు విజయవాడ తిరిగి వెళ్తూ వదిలేసిన శాలువా. “సరే” అంది. ఇంకేమంటుంది? ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఆమెకి పండగే. అన్ని రకాలు వండాలి, బాత్‌రూములు కడగాలి, సోఫా మీద ఆరేసిన బట్టలు మాయం చేయాలి, వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోమాలి. అయినా సరే, ఆ కాసేపూ ఇల్లు వెచ్చగా ఉంటుంది. ఈ చలికాలంలో ఆమె తనంతట తానే ఎంతమందిని భోజనానికి పిలిచిందో చూసి న్యూజెర్సీ ఎడిసన్‌లోని తెలుగువాళ్ళంతా కృష్ణవేణి చెయ్యి ఎముక లేని చెయ్యి అనుకుంటున్నారు. అసలు సంగతి వాళ్ళకేం తెలుసు!

ఇంటి వేడిని పెంచి తగ్గించే గోడ మీది థర్మోస్టాట్‌ని శశికాంత్ తన ఫోన్‌కి కలుపుకున్నాడు. పొద్దున్నే కూతురు దియని స్కూల్ దగ్గర దింపి అతను ఆఫీసు దారి పట్టగానే అది టిక్కుమని చప్పుడు చేసి అరవై రెండు ఫారెన్‌హీట్‌కి దిగిపోతుంది. తెర మీద ఒక చిన్న ఖాళీ ఇంటి బొమ్మ పడుతుంది. ఇంట్లో ఎవరూ లేరు అని దానర్థం. మధ్యాహ్నం దియ స్కూల్ నుంచి వచ్చేవేళకి శశి పెట్టిన టైమర్‌తో మళ్ళీ లేస్తుంది. ఈలోపల కృష్ణవేణి ఆ ఎవరూ లేని ఇంట్లో కూర్చుని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకుంటూ ఉంటుంది. ఉద్యోగం ఆమెదీ ఉద్యోగమే, ఇంటి లోనులో సగం పోయేది ఆమె జీతంలోంచే. కానీ ఆఫీసు ఇంట్లోనే కదా, మధ్యలో లేచి కుక్కర్ పెట్టొచ్చు, డ్రయ్యర్‌లో బట్టలు తీయొచ్చు, ప్లంబర్ వస్తే తలుపు తీయొచ్చు. ఆ పనులన్నిటికీ ఆమె ఇంట్లో ఉన్నట్టే లెక్క. ఒక్క హీట్ దగ్గరే లేనట్టు.

శశి చెడ్డవాడు కాదు. ఆ మాట అందరికంటే ముందు కృష్ణవేణే చెబుతుంది. గట్టిగా కసరడు. “ఒక్కదానివే కదా వేణీ, ఒక్కదాని కోసం మూడంతస్తులు వేడి చేయడం ఏంటి చెప్పు? ఇంకో స్వెట్టర్ వేసుకో” అంటాడు, ఎంతో నచ్చజెబుతున్నట్టు. కింద పెట్టుకునే చిన్న హీటర్ కొంటానంటే “కరెంట్ తాగేస్తుంది, పైగా ఫైర్ రిస్క్” అన్నాడు. ఒకసారి ఆమె ధైర్యం చేసి గోడ మీద డెబ్బైకి తిప్పింది. గది ఇంకా వెచ్చబడనేలేదు, టిక్కుమని దిగిపోయింది. వెనకాలే శశి మెసేజ్, ఒక నవ్వు బొమ్మతో: “దొరికావ్!” కృష్ణవేణి కూడా ఒక నవ్వు బొమ్మ పంపింది. పంపినందుకు చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

పిసినారి అందామా అంటే అదీ కాదు. వాళ్ళమ్మ సుబ్బులు గారు వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు ఇల్లు కుంపటిలా ఉండేది. “అమ్మ చలికి తట్టుకోలేదు” అని రోజూ ఆఫీసు నుంచి ఫోన్‌లో చూసి మరీ పెంచేవాడు. ఆవిడ పలచటి నేత చీర కట్టుకుని సోఫాలో కూర్చుని, “ఏమిటో అమ్మాయ్, అమెరికా చలి చలి అంటారు గానీ నాకేం తెలియట్లేదు” అనేది. ఆవిణ్ణి నెవార్క్‌లో విమానం ఎక్కించి వస్తుంటే, సిగ్నల్ దగ్గర కారు ఆగగానే శశి ఫోన్ తీసి హీట్ తగ్గించాడు. పక్క సీట్లో ఉన్న మనిషి కూడా ఆ ఇంటికే వెళ్తోందని అతనికి తట్టలేదు. ఆ రోజు కృష్ణవేణికి అత్తగారి మీద కలిగింది బెంగ కాదు, పచ్చి కుళ్ళు. అత్తగారి మీదే కాదు, ఈ మధ్య దియ మీద కూడా. బడి నుంచి వచ్చిన పిల్ల “అమ్మా, డోంట్ టచ్! నీ హ్యాండ్స్ ఐస్‌లాగ ఉంది!” అని దూరం జరిగి, తన కోసం వేడిగాలి వదులుతున్న గాలిగొట్టం దగ్గర కూర్చుంటే, కన్నకూతుర్ని చూసి కడుపు మండుతుంది. ఇలాంటిది కూడా ఒక తల్లేనా అని వెంటనే లెంపలేసుకుంటుంది. కానీ మంట మంటే.

ఇక మేధ సంగతి చెప్పాలి. అసలు మంట అక్కడుంది.

గోడకి అవతల ఇల్లు మేధది. వరంగల్ పిల్ల, కృష్ణవేణి కంటే చిన్నది. మొగుడికి కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఉద్యోగం, ఈ పిల్లకి ఇక్కడ ఫార్మా కంపెనీలో ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. అతను ఏ పండక్కో వస్తాడు. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో మేధ ఒక్కతే. అయినా ఆ ఇల్లు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఎంత వెచ్చగా అంటే, రెండిళ్ళకీ మధ్యనున్న గోడ ముట్టుకుంటే తెలుస్తుంది. కృష్ణవేణి తన కుర్చీ ఆ గోడకి ఆనేలా బల్ల వేసుకుంది. మీటింగుల్లో వీపు గోడకి చేరేసి కూర్చుంటుంది. పరాయిదాని ఇంటి వేడికి వీపు కాచుకోవాల్సి వచ్చిందే అని ఏడుపు ఒకవైపు, వీపుకి హాయి ఒకవైపు.

పోయిన జనవరిలో కరివేపాకు కోసం మేధ ఇంటికి వెళ్ళింది. ఈ ఊళ్ళో కరివేపాకు మొక్కంటే చంటిపిల్లతో సమానం, చలికాలం లోపల పెట్టుకుని సాకాలి. ఇద్దరూ ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డులో ఒకే రోజు, పక్కపక్క కుండీలే కొనుక్కున్నారు. కృష్ణవేణిది క్రిస్మస్ వచ్చేసరికి ఆకంతా రాల్చేసి పుల్లై నిలబడింది. మేధది కిటికీ పక్కన నిగనిగలాడుతూ కొత్త చిగురు వేసింది. ఆ చిగురు చూసి కృష్ణవేణి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. పోసుకున్న నిప్పులకి ఇల్లు వెచ్చబడితే ఎంత బాగుండు!

“లోపలికి రా అక్కా. చేతులు గింత చల్లగున్నయేంది?” అంది మేధ. చేతుల్లేని బనీను వేసుకుని ఐస్‌క్రీం తింటోంది. జనవరిలో!

“ఇంత వేడి పెట్టుకుంటే బిల్లు వాచిపోదూ?” అని అడిగింది కృష్ణవేణి.

“నేను ఈక్వల్ పేమెంట్ పెట్టుకున్న అక్కా. పోయినేడు ఎంత వాడిన్నో చూసి, పన్నెండు నెలలకు పంచి ఒక్కటే బిల్లు చేస్తరు. జనవరిలో గంతే, జూన్‌ల గంతే. టెన్షన్ ఉండదు.”

“ఒక్కదానివే కదా మేధా, ఇల్లంతా ఎందుకు వేడి చేయడం?” అంది కృష్ణవేణి. అనేశాక తెలిసింది, అది తన మాట కాదు. మాటా శశిదే, ఆ నచ్చజెప్పే గొంతూ శశిదే.

మేధ చెంచా నోట్లో పెట్టుకుని విచిత్రంగా చూసింది. “ఒక్కదాన్నయితే ఏంది? ఉన్న కదా అక్కా” అని నవ్వి, ఒక కవర్ నిండా కరివేపాకు కోసి ఇచ్చింది.

ఆ కరివేపాకు పులుసులో వేస్తున్నంతసేపూ కృష్ణవేణి మేధని మనసులో కడిగేసింది. అడిగేవాడు లేడు, ఎంతైనా తగలేస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని సర్దిచెప్పుకుందామని చూసింది, కుదరలేదు. పుల్లకూర కాదు, అక్కడ నిజంగానే వెచ్చగా ఉంది. రెండు రోజులు ఉడికి, చివరికి ఆ కిటుకంతా ఈక్వల్ పేమెంట్‌లో ఉందని తేల్చుకుని శశి దగ్గర ఎత్తింది. ఎలాగూ నెలనెలా ఒకటే కడతాం కదా, ఇక చలిలో కూర్చోవడం దేనికని ఆమె ఆశ. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే మనిషికి అందులో తప్పు తెలియదా? తెలుసు. చలేస్తున్న మనిషి ఆశకి లెక్కలు చెప్పి ఏం లాభం!

శశికి ఐడియా తెగ నచ్చింది. “బాగుంది వేణీ! ప్రతినెలా బిల్ ఎంతొస్తుందో అని చూసుకోనక్కర్లేదు” అని ఆ సాయంత్రమే ప్లాన్ మార్చాడు. మర్నాడు పొద్దున్న అతని కారు మలుపు తిరగ్గానే గోడ మీద టిక్కుమంది. ఖాళీ ఇంటి బొమ్మ పడింది.

“అయ్యో పిచ్చిదానా” అన్నాడు సాయంత్రం, ఆమె అడిగితే. “పంచి కడతాం, అంతే. వాడుకున్నది వాడుకున్నట్టే. ఏడాది చివర లెక్క తేలుస్తారు. ఎక్కువ వాడితే బాదుతారు, తక్కువ వాడితే మనకే క్రెడిట్. కాబట్టి ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.”

ఇంకా జాగ్రత్తగా ఉన్నారు. అంటే కృష్ణవేణి ఉంది.

ఏడాది తిరిగింది. ఆ లెక్క తేలిన వారమే ఈ శుక్రవారం విందు. ఐదున్నరకి చెప్పినట్టే గాలిగొట్టాల్లోంచి వేడి బుస్సుమంది. కృష్ణవేణి ఏదో పడిపోయినట్టు వంటింటి గొట్టం ముందు వంగి, రెండు చేతులూ కాచుకుంది. శశి ఇల్లు చేరిన కాసేపటికే, ఆరింటికి, అతని స్నేహితుడు లక్ష్మీపతి గారు, ఆయన భార్య రష్మి, మేధ వచ్చారు. కోట్లు తలుపు పక్కన వేలాడదీసి, “అబ్బ, ఎంత హాయిగా ఉందండీ మీ ఇల్లు” అంది రష్మి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనుకుంది కృష్ణవేణి, పునుగులు వేయించుకుంటూ.

శశి ఆగలేకపోయాడు. ఫోన్ తీసి లక్ష్మీపతికి చూపించాడు. “చూడండి, ఇయర్ ఎండ్‌కి క్రెడిట్ వచ్చింది. వచ్చే ఏడాదికి మంత్లీ ఇంకా తగ్గించారు, మన వాడకం చూసి. డిసిప్లిన్ అండీ, అంతే.”

“మీకు దండం పెట్టాలి సార్. మా ఇంట్లో ఆవిడ వింటేగా!” అన్నాడు లక్ష్మీపతి.

“ఎందుకు వింటాను? నాకు చలేస్తే పెంచుతాను. ఈయనే చెమటలు కక్కుతూ కూర్చుంటారు” అంది రష్మి తేలిగ్గా, పునుగు చట్నీలో ముంచుకుంటూ. చలేస్తే పెంచుతుందట! అంత తేలికైన వాక్యం ఈ పధ్నాలుగేళ్ళ కాపురంలో కృష్ణవేణి నోట ఒక్కసారి రాలేదు. రష్మి మీద కూడా భగ్గుమంది.

మేధ పళ్ళెం కింద పెట్టింది. “అక్కా, నువ్వు పొద్దంతా ఇంట్లనే కదా పనిచేసేది?”

“ఒక్కతే కదండీ, ఒక గదిలో కూర్చుంటుంది” అని కృష్ణవేణి బదులు శశి చెప్పాడు. “ఇంట్లో ఎవరూ లేనప్పుడు తగ్గించేస్తాం.”

రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో అన్నాడు. నోరు జారలేదు, వెక్కిరించలేదు, మామూలుగా అన్నాడు. లక్ష్మీపతి తలాడించాడు. మేధ మాత్రం కృష్ణవేణి వైపే చూస్తూ ఉండిపోయింది.

కృష్ణవేణి పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. మన వాడకం అట. ఆ తగ్గిన వాడకమంతా ఆమె వేళ్ళ కొంకర్లు, ఆమె ముక్కు దిబ్బడ, ఆమె మూడో స్వెట్టర్. కష్టం ఒకరిది, డిసిప్లిన్ ఇంకొకరిది. పోయినేడు ఆమె ఓర్చుకున్న చలిని చూసి ఈ ఏడు బిల్లు లెక్కకట్టారు, ఈ ఏడు చలిని చూసి వచ్చే ఏడుది ఇంకా తగ్గించారు. ఇలా ఏటేటా ఆమె ఎంత ఓర్చుకుంటే అంత మామూలైపోతుంది. అప్పుడామెకి ఒక సంగతి అర్థమైంది. అత్తగారు, దియ, రష్మి, మేధ, వీళ్ళందరి మీదా ఇన్నాళ్ళూ ఏడ్చింది వేడి కోసం కాదు. వాళ్ళు ఇంట్లో ఉంటే, ఉన్నట్టు లెక్క. అందుకు ఏడ్చింది. ఏడుపు తగ్గలేదు గానీ, అది ఎవరి మీద చూపించాలో తెలిసింది.

సోమవారం పొద్దున్న కారు మలుపు తిరిగింది. టిక్కుమంది. ఖాళీ ఇంటి బొమ్మ పడింది. కృష్ణవేణి కాఫీ కప్పు పక్కన పెట్టి ఆ థర్మోస్టాట్ ముందు నిలబడి, తన ఉద్యోగంలో చేసినట్టే ఒక్కొక్క తెరా తిప్పుతూ పోయింది. ఇంట్లో ఎవరున్నారో అది ఫోన్లని బట్టి తెలుసుకుంటుంది. దానికి తెలిసిన ఫోన్ ఒక్కటే, శశిది. ఇల్లు కొన్ననాటి నుంచి ఆ ఒక్కటే. కావాలని చేశాడా అంటే, కాదు. గుర్తు రాలేదు, అంతే. కావాలని చేసినా ఆమెకి ఇంత కోపం వచ్చేది కాదేమో.

తన ఫోన్ చేర్చింది. ఖాళీ ఇంటి బొమ్మలో ఒక చిన్న మనిషి వెలిశాడు. డెబ్బైకి తిప్పింది. బేస్‌మెంట్‌లో ఇంటిని వేడి చేసే ఫర్నేస్ గుర్రుమని లేచింది. కృష్ణవేణి శాలువా తీసి మడతపెట్టింది. బల్లని మేధ గోడ దగ్గర్నుంచి ఈడ్చుకొచ్చి కిటికీ పక్కన, పుల్లై నిలబడ్డ కరివేపాకు మొక్క దగ్గర వేసుకుంది. వచ్చే ఏడు నెలవారీ బిల్లు పెరుగుతుంది. పెరగనీ, అందులో తనూ ఉంటుంది.

కాసేపటికి టిక్కుమని దిగింది. మళ్ళీ డెబ్బై చేసింది. దిగింది. చేసింది. ఈసారి నవ్వు బొమ్మ రాలేదు, ఫోనే మోగింది.

“వేణీ, హీట్ డెబ్బైలో ఉందేంటి?” శశి గొంతులో కోపం లేదు, నిజమైన కంగారు ఉంది. పాపం, ఇంటికి మర్యాదస్తులెవరో వస్తే తను తగ్గించేశానేమో అని. “ముందే చెప్పొచ్చు కదా. ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు” అంది కృష్ణవేణి. “నేనున్నాను.”